మంగళవారం కోతులు

నెల్లికుదురు అవతల ఒక ఊళ్ళో ఆ ఏడు యాసంగి మక్కచేలకు కాపలా ఒక గుడ్డెలుగు. నల్లటి బొచ్చు, తెరిచిన నోరు, బయటికి వేలాడే ఎర్ర నాలుక, వెనక్కి తిరిగితే వీపు మీదుగా ఒక జిప్పు. ఆ జిప్పు లోపల ఉన్నది తేజస్విని. జనగామలో జంతుశాస్త్రంతో డిగ్రీ చదివి, మంచి మార్కులతోనే పాసై, ఇంటికొచ్చి కూర్చున్న పిల్ల. చదివి చదివి ఎలుగుబంటి అయిందని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు గానీ, నవ్వినవాళ్ళలో ఒక్కరికీ ఆ వేషం తొడుక్కునే ధైర్యం లేదు.

అసలు సంగతేమిటంటే, ఊరి మీద కోతులు పడ్డాయి. మక్క కంకి పాలు పట్టిందో లేదో రైతుకంటే ముందే వాటికి తెలుస్తుంది. ఒకటి విరిచి, కొరికి చూసి, పారేసి, ఇంకోటి విరుస్తాయి. తిన్నది గోరంత, ఆగం చేసింది కొండంత. మొదట, కోతులకు కొండెంగ అంటే హడలని, దాని బొమ్మతో ఫ్లెక్సీలు కట్టారు. కోతులు ఆ ఫ్లెక్సీల నీడన కూర్చుని పేలు చూసుకున్నాయి. పటాకులు కాల్చారు. పటాకులు అయిపోయాయి, కోతులు అయిపోలేదు. అప్పుడు కొత్తగా గెలిచిన సర్పంచ్ రామ్మోహన్ ఫోన్లో ఏదో వీడియో చూసి, హైదరాబాద్ నుంచి ఎలుగుబంటి వేషం తెప్పించాడు. తొడుక్కుని చేలల్లో తిరగడానికి మనిషి కావాలనగానే కుర్రాళ్ళందరూ నేలచూపులు చూశారు. ఒకసారి గుడ్డెలుగు అనిపించుకుంటే పాడె ఎక్కేదాకా ఆ పేరు పోదని వాళ్ళ భయం. పల్లెటూళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ భయాన్ని తప్పు పట్టరు. తేజస్విని లేచి, నేను తొడుక్కుంటానంది.

అప్పుడామె మనసులో ఉన్నది ఊరి మక్కలు కాదు, భూపాలపల్లి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో అహల్య అనే ఆవిడ వాళ్ళ కాలేజీకి వచ్చింది. అడవి జంతువుల మీద పనిచేసే ఒక సంస్థ ఆమెది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి కొద్దిమంది పిల్లలను ఎంచుకుని, భూపాలపల్లి అడవి అంచున ఏడాదిపాటు ఉంచుకుని, అడుగుజాడ గుర్తుపట్టడం మొదలు చెట్టుకు కెమెరా కట్టడం దాకా అన్నీ నేర్పుతారు. నేర్చుకున్నవాళ్ళకు ఆ తరువాత అందులోనే కొలువు. అడవిలో కొలువు అనగానే క్లాసులో సగంమంది, బీటాఫీసర్ కొలువేనా మేడం, పరుగు పందెం ఉంటుందా అని అడిగారు. పరుగెత్తితే ఏ జంతువూ కనబడదు, మా దగ్గర కదలకుండా కూర్చోవడం ఉంటుందని ఆమె చెప్పింది. తేజస్వినికి ఆ మాట ప్రాణానికి హాయిగా తగిలింది. చిన్నప్పటి నుంచి ఆమె తిన్న తిట్లలో సగం చీమలపుట్ట దగ్గరో పిట్టగూడు కిందో పని మానేసి కూర్చున్నందుకే.

సీటుకు రాతపరీక్ష లేదు. మీ ఊళ్ళోనే ఒక ప్రాణిని ఎంచుకుని చూడండి, దాని గురించి ఒక ప్రశ్న వేసుకుని జవాబు మీరే వెతకండి, మేమే మీ ఊరికి వచ్చి వింటాం అన్నారు. తేజస్విని కోతులను ఎంచుకుంది. గుట్ట ఉండగా ఇవి ఊరి మీదికే ఎందుకు వస్తున్నాయన్నది ఆమె ప్రశ్న. కోతులను చూస్తూ పొద్దంతా చేలో కూర్చుంటానంటే ఆమె తండ్రి పోశయ్య చస్తే ఒప్పుకోడు. పంచాయతీ పని అనేసరికి సరేనన్నాడు. ఆయనకు ఉన్నది కొద్దిపాటి చెలక, బోలెడంత మొండితనం. భూపాలపల్లి ముచ్చట ఎత్తితే సీటు రానీ, అప్పుడు చూద్దాం అనేవాడు. రాదని ఆయన ధీమా.

మొదటివారం గుడ్డెలుగు దర్జా చూడాల్సిందే. అది చేలో అడుగుపెడితే కోతులు తోకలెత్తుకుని గుట్టదాకా పరుగో పరుగు. సర్పంచ్ రామ్మోహన్ దాని భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగాడు. రెండోవారం కోతులు గట్టుదాకా పోయి, ఆగి, వెనక్కి తిరిగి చూశాయి. ఆ తరువాత ఒకరోజు చెవి తెగిన ముసలి ఆడకోతి, గుంపులో అదే పెద్ద, నింపాదిగా నడిచొచ్చి ఎలుగుబంటి వెనక నిలబడి జిప్పు పట్టుకుని లాగింది. దాంతో పరువు గోవిందా.

ఇక తరిమినా లాభం లేదని తేజస్విని గట్టు మీద కూలబడింది. కోతులు ఆమెను ఒక నల్లరాయి కింద జమకట్టి తమ పనులు తాము చేసుకున్నాయి. ఆమెకు కావలసిందీ అదే. ఎవరి పేలు ఎవరు చూస్తారు, ఎవరు లేస్తే ఎవరు జరిగి చోటిస్తారు, పిల్ల ఎంత అల్లరి చేస్తే తల్లి చెంప పగలగొడుతుంది, ఇవన్నీ చూస్తుంటే ఊరి పంచాయతీకంటే కోతుల పంచాయతీయే పద్ధతిగా ఉందనిపించేది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. వేషం లోపల ఉడుకు, చెమట, తడిసిన కంబళి వాసన. అయినా ఆ రోజుల్లో ఆమె సంతోషంగా ఉంది. ఇంత సంతోషం ఒక పని అవుతుందంటే, ఆ పని తనకు దొరకాలి, దొరక్కపోతే ఎట్లా అని భయం కూడా వేసేది.

అట్లా చూస్తుంటే ఒక సంగతి బయటపడింది. మంగళవారం పొద్దున గుంపు నేరుగా చేలోకి రాదు. మరిపెడ రోడ్డు మీది కల్వర్టు దగ్గరికి పోయి, పెళ్ళిభోజనానికి పిలిచినట్టు బారుగా కూర్చుంటుంది. కాసేపటి తరువాత అక్కణ్ణుంచి చేల మీదికి ఎగబడుతుంది. శనివారం కూడా ఇదే వరస. గుట్ట మీది పండ్లచెట్లు క్వారీ కింద పోయాయని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అది సగం కారణం. మిగిలిన సగం కల్వర్టు దగ్గర ఉంది. ఎవరో వాటికి తిండి పెడుతున్నారు. పెట్టవద్దని సర్పంచ్ మైకులో చెప్పించి చాలాకాలమైంది. పెట్టినవాళ్ళను నలుగురిలో నిలబెట్టి అడుగుతానని కూడా చెప్పించాడు.

మరుసటి మంగళవారం తేజస్విని వేషంతో సహా వెళ్ళి కల్వర్టు పక్కన తంగేడు పొదల్లో నక్కింది. కోతులు వచ్చి కూర్చున్నాయి. వాటి వెనకే భుజాన సంచితో ఒక మనిషి వచ్చింది. సంచిలోంచి అరటిపండ్లు తీసి, ముందు పిల్లల తల్లులకు, తరువాత మిగిలినవాటికి, బంతిలో వడ్డించినట్టు పెట్టుకుంటూ పోయింది. ఆమె రాజమణి, తేజస్విని తల్లి. ప్రతి మంగళవారం ఆంజనేయుడి గుడికి పోయొస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరే తల్లి.

పొదల్లోంచి గుడ్డెలుగు లేచి నిలబడింది. రాజమణి ఉలిక్కిపడలేదు. ఆ వేషానికి చంక కింద చిరిగితే కుట్టింది ఆమే.

"జర దూరం నిలబడు బిడ్డా, పిల్లకోతులు బెదురుతయ్," అంది.

పిల్లకోతులు ఎలుగుబంటి వంక చూడను కూడా చూడలేదు. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచెను కన్నతల్లి కోతులను పిలిచి మరీ మేపుతోంది. ఎలుగుబంటి తలకాయ చంకలో పెట్టుకుని తేజస్విని ఇంటిదాకా తల్లితో పోట్లాడుతూనే నడిచింది. ఇది ఆపమంది. రాజమణి మొక్కు అంది, నడుమ ఆపకూడదంది. ఏం మొక్కని తేజస్విని అడగలేదు. డిగ్రీ అయిపోయిన పిల్ల ఇంట్లో ఉంటే తల్లి ఏం మొక్కుతుందో ఊళ్ళో కోడిపిల్లను అడిగినా చెబుతుంది. దసరా నుంచి మరిపెడ సంబంధమనీ ఇంకోటనీ చుట్టాలు చెవిలో ఊదుతూనే ఉన్నారు.

"నీ లగ్గం మొక్కుకు ఊరోళ్ళ మక్కలు పోయినయ్. ఇగ నా సీటు గూడ పోతది," అంది తేజస్విని.

 రాజమణి ఖాళీ సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని ముందుకు నడిచింది.

అహల్య రావడానికి ఎక్కువ వ్యవధి లేదు. ఆ కొద్దిరోజులూ తేజస్వినికి అన్నం సయించలేదు. నిజం చెబితే తల్లి నలుగురిలో నిలబడాలి. వాళ్ళ పక్క చేను కళ్యాణిది. మొగుడు ఊళ్ళో లేక, ఒంటిచేత్తో వేసుకున్న మక్క మొత్తం కోతులు విరిచేస్తే గట్టు మీద కూర్చుని ఏడ్చిన మనిషి ఆమె. ఈ కోతులకు తిండి మప్పినవాళ్ళ చేతులు పడిపోను అని ఆమె తిట్టిన తిట్లు తేజస్విని చెవులారా విన్నది. చెప్పకపోతే మిగిలేది క్వారీ కథ. అది ఊళ్ళో ఎవరైనా చెబుతారు, దానికి సీటెవరిస్తారు? అబద్ధమాడి సీటు తెచ్చుకున్నా, చూసింది చూడలేదని చెప్పి చూడటమే పనిగా ఉన్న కొలువులో చేరడం ఎట్లాగో ఆమెకు అర్థం కాలేదు.

అహల్య జీపులో వచ్చింది. ఏ చెట్టు కిందో ఇద్దరమూ కూర్చుని మాట్లాడుకుందామని ఆమె అనుకుంది గానీ, ఊళ్ళోకి జీపు వచ్చాక అది జరిగే పనేనా? పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు పడ్డాయి. పక్కన సర్పంచ్ రామ్మోహన్ ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. రైతులు, ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఎలుగుబంటి ఏం మాట్లాడుతుందో విందామని అందరికీ ఉబలాటం.

తేజస్విని ముందు ఎలుగుబంటి ఎందుకు పనిచేయలేదో చెప్పింది. జిప్పు ముచ్చటకు అందరూ నవ్వారు, సర్పంచ్ మాత్రం దగ్గాడు. తరువాత గుట్ట, క్వారీ, పోయిన చెట్లు. ఆ తరువాత మంగళవారం, శనివారం. అహల్య కుర్చీలో ముందుకు జరిగింది. ఎవరు పెడుతున్నారో చూశావా అని అడిగింది.

తేజస్విని తల్లి వైపు చూసింది. రాజమణి స్తంభం పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. చూడలేదు మేడం అన్న మాట తేజస్విని నాలుక చివరిదాకా వచ్చింది. కళ్యాణి ముఖం కూడా ఆ గుంపులోనే ఉంది.

"చూసిన మేడం. మంగళారం పెట్టేది మా అవ్వ."

 పోశయ్య తన పెళ్ళాన్ని ఎవరో పరాయి ఊరి మనిషిని చూసినట్టు చూశాడు. కళ్యాణి ముఖం ఎర్రబడింది. రామ్మోహన్ లేచి నిలబడి, వేలెత్తి, మైకులో చెప్పింది వినలేదా, ఊరికంటే నీ మొక్కు పెద్దదా, ఏం మొక్కు అంత గొప్ప మొక్కు అని నిలదీశాడు. రాజమణి కొంగు కిందికి దించింది.

"పిల్లకు భూపాలపల్లి కొలువు రావాలని మొక్కిన. వచ్చేదాక మంగళారం మంగళారం కోతులకు పెడ్త అన్న."

"లగ్గం కోసం కాదా?" అని ఆడవాళ్ళలో ఎవరో అడిగారు.

"లగ్గం ఎప్పుడన్న అయితది. కొలువు ఎవలిస్తరు?"

 సీటు కోసం తల్లిని అందరిలో నిలబెట్టింది తేజస్విని. ఆ తల్లి ఆ సీటు కోసమే ఇన్నాళ్ళూ ఆ సంచి మోసింది. దారి పొడుగునా తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

కళ్యాణికి కోపం ఇంకా తీరలేదు. ఇది మంగళవారం లెక్క, మరి శనివారం ఎవరు అని అడిగింది. రాజమణికి తెలుసు, కానీ నోరు మెదపలేదు. కాసేపు చూసి, వెనక వరసలోంచి రజిత లేచింది. ఆమె సర్పంచ్ రామ్మోహన్ భార్య.

"నేనే. ఈయన గెలిస్తే యాడాది పొడుగున శనివారం కోతులకు పెడ్తనని చిల్పూర్ గుట్ట దేవుని కాడ మొక్కిన," అంది తలవంచుకుని.

ఎత్తిన వేలును ఏం చేయాలో రామ్మోహన్‌కు తోచలేదు. ఆ వేలుతోనే చెవి గోక్కున్నాడు. ఒక్కరు నవ్వడం మొదలుపెడితే ఊరంతా అందుకుంది, ఆఖరికి కళ్యాణి కూడా. ఇక ఆగుతారా? మిగిలిన అన్నం గోడ మీద పెట్టేవాళ్ళు, పిల్లవాడి జ్వరం తగ్గిందని కొబ్బరిచిప్పలు వేసేవాళ్ళు, పాపం నోరులేని జీవాలని బుక్కెడు పల్లీలు విసిరేవాళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు. అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యలబుట్ట మాయం. రామ్మోహన్ గొంతు సవరించుకుని అందరికీ చాయ్ చెప్పాడు. ఆ రోజు ఆయన చేసిన మంచిపని అదొక్కటే.

జీపెక్కే ముందు అహల్య తేజస్వినిని పక్కకు పిలిచింది. ధైర్యంగా చెప్పావని మెచ్చుకుంటుందేమో అనుకుంది పిల్ల. ఆమె మెచ్చుకోలేదు.

"ఎవరో చూశావు, ఎందుకో అడగలేదు. జంతువును అడగలేం కాబట్టి కనిపెట్టుకుని కూర్చుంటాం. మనిషిని అడగొచ్చు కదా, అందులోనూ అమ్మను," అంది. ఫలితం తరువాత ఫోన్లో చెబుతామని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రాజమణి ఎప్పటిలాగే అన్నం పెట్టింది. ముందే ఎందుకు చెప్పలేదని తేజస్విని అడిగింది. మొక్కు బయటికి చెబితే ఫలం పోతుందంటారు బిడ్డా, అందుకే చెప్పలేదంది తల్లి. మరి ఈరోజు చెప్పావు కదా అంటే, ఏం చేయను, నువ్వు నిజం చెప్పి అందరిలో ఒక్కదానివే నిలబడితే నాకు మనసొప్పలేదంది. తేజస్విని కంచంలోకి వంగి కళ్ళనీళ్ళు దాచుకుంది. తప్పైందవ్వా అని గట్టిగానే అంది. రాజమణి ఇంకో గరిటె పప్పు వేసింది.

తెల్లారి నుంచి ఎలుగుబంటి చిలక్కొయ్యకు వేలాడింది. తేజస్విని మామూలు బట్టల్లో ఇల్లిల్లూ తిరిగింది. ఎందుకు పెడుతున్నారని తిట్టకుండా అడిగింది, చెప్పింది విన్నది. తాను చూసింది వాళ్ళకు చెప్పింది. పండు దొరికినచోట కోతి ఆగదనీ, ఆ పండుకోసం వచ్చి పక్క చేను చూసుకుంటుందనీ, మరిగితే గుట్ట మీద ఇంకా మిగిలిన తునికి, మేడి చెట్లను కూడా అది మరిచిపోతుందనీ. కొందరు విన్నారు, కొందరు దేవుడి విషయంలో నువ్వెవరే పోరీ అన్నారు. తల్లి మొక్కు మాట మాత్రం తానెత్తలేదు. కాదనే హక్కు తనకు లేదనుకుంది. విన్నదంతా అహల్యకు ఫోన్లో చెప్పింది. సీటుకు అది పనికొస్తుందో లేదో తెలియదు, అయినా సగంలో వదిలేయబుద్ధి కాలేదు.

మళ్ళీ మంగళవారం వచ్చింది. రాజమణి పొద్దున్నే తలస్నానం చేసి బయలుదేరింది. భుజాన సంచి లేదు. తేజస్విని వెనకాలే పోయింది. కల్వర్టు మీద కోతులు బారుగా కూర్చుని ఉన్నాయి. రాజమణి వాటి ముందు నిలబడి రెండు చేతులూ చాపి, అరచేతులు తిప్పి చూపించింది.

"ఏం లేదు. ఇగ నేను రాను, మీరూ రాకుండ్రి. గుట్టకు పోన్రి."

చెవి తెగిన ముసలిది లేచొచ్చి ఆమె కొంగు పట్టి చూసింది, ముడి ఉందేమోనని వెతికింది. కొంగు వదిలేసి, కాసేపు ఆమె ముఖంలోకి చూసి, పోయి తన చోట కూర్చుంది. చాలాసేపు అక్కడే ఉన్నాయి. ఎండ ముదిరాక కొన్ని చేల వైపు పోయాయి, కొన్ని గుట్ట వైపు తిరిగాయి. ఒక్కరోజులో మారడానికి అవేమన్నా మనుషులా?

తిరిగొస్తూ తేజస్విని, నీకు భయం కాలేదా అవ్వా అని అడిగింది. రాజమణికి భయమే. ఆమె దాచుకోలేదు.

"దేవునికి చెప్పిన. మొక్కు తప్పింది నేను, కోపమొస్తే నా మీదికి రావాలె గని పిల్ల మీదికి పోవద్దని."

 తేజస్విని, చిన్నపిల్లప్పుడు బడికి పోతూ పట్టుకున్నట్టు, తల్లి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది.

ఫోను మక్కలు ఒలుస్తుండగా వచ్చింది. అహల్య మాటలు తక్కువ మనిషి. ఉగాది వెళ్ళాక భూపాలపల్లి వచ్చెయ్, దోమతెర తెచ్చుకో అంది. తేజస్విని కంకి విసిరేసి ఎగిరి గంతేసింది. పోశయ్య, సీటు రానీ అప్పుడు చూద్దాం అన్న మనిషి, చూడటానికి ఇంకేమీ మిగలక, భూపాలపల్లికి నేరుగా బస్సుందో, ఎక్కడన్నా మారాలో కనుక్కొస్తానని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

రాజమణి మాత్రం కదల్లేదు. చేతిలో కంకి అట్లాగే ఉంది. మొక్కు తప్పినంక గూడ వచ్చిందా అని అడిగింది. వచ్చిందవ్వా అంది కూతురు. సంగతి రూఢి చేసుకోవడానికి తల్లి మళ్ళీ ఒకసారి అడిగింది. అప్పుడామె ముఖం మెల్లగా విప్పారింది.

"అయితే గిది దేవుడిచ్చింది కాదు బిడ్డా. నువ్వే తెచ్చుకున్నవ్," అంది.